సీఆర్‌పీ ప్యాకేజీనా, కుర్చీ పరీక్షా: ముందు ఏది?

పర్లాకిమిడిలో ఉంటున్న మా మేనత్త హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనబడటం లేదనే వస్తుంది. అయినా యాభై రెండేళ్లకే పీట మీంచి లేవాలంటే చెయ్యి నేలకు ఆనించాల్సి వస్తోంది. మొన్న ఒక ల్యాబ్‌లో ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, ఐఎల్-6, రక్తం గడ్డకట్టడాన్ని చూపే డీ-డైమర్, ఈ మూడు రక్తపరీక్షలూ కలిపి ప్యాకేజీగా చేయించుకోమన్నారు.

ఆ పరీక్షలను నేను తీసిపారేయను. వైరస్ అణిగినా ఒంటి లోపలి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, పూర్తిగా చల్లారదు. హెచ్‌ఐవీ మొదట్లోనే పేగు గోడను దెబ్బతీస్తుంది. అక్కడి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరుతూ ఉంటాయి, వాపు రాజుకుంటూనే ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద జరిగిన స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో ఐఎల్-6, డీ-డైమర్ ఎక్కువున్నవాళ్లలో మరణాలూ ఎక్కువే. కానీ అది వేలమందిని కలిపి చూసిన లెక్క. అత్తకి సీఆర్‌పీ పెరిగితే హెచ్‌ఐవీ వల్లే అని ఎలా చెప్పగలం? మా వైపు మలేరియా ఉంది, టీబీ ఉంది. చిగుళ్లు వాచినా అది పెరుగుతుంది. ఐఎల్-6 ఎక్కువని తేలినా, దాన్ని దించడానికని హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మామూలుగా ఇచ్చే మందు లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద జరిగిన రిప్రీవ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు పెద్ద గుండె జబ్బులను 35 శాతం తగ్గించింది. నలభై దాటినవాళ్లు దాని గురించి డాక్టర్ని అడగాలి, అడగడానికి సీఆర్‌పీ రిపోర్టు అక్కర్లేదు.

కుర్చీ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కుర్చీ గోడకు ఆనించి, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే కండ సత్తువ తగ్గి ఉండొచ్చని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. అత్తకి 19 పట్టింది. మూడోసారి లేస్తూ "అరికాళ్లు మండిపోతన్నాయే" అంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో వాడిన స్టావుడిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు నరాలను దెబ్బతీస్తుంది, ఆ మంట మందు మానేశాక కూడా ఉండిపోవచ్చు. ఏ సీఆర్‌పీ ఈ మాట చెబుతుంది?

అందుకే ముందు కుర్చీ పరీక్ష, తర్వాత డాక్టర్. జ్వరం, బరువు తగ్గడం ఉంటే సీఆర్‌పీ అప్పుడు పనికొస్తుంది. ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా డీ-డైమర్ ల్యాబ్‌కి కాదు, నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

లేచి కూర్చోవడాన్నే ఇప్పుడు రోజూ వ్యాయామంగా చేయిస్తున్నాం. నెలకోసారి గోడ క్యాలెండర్ మీద సెకన్లు రాస్తున్నాం. 19, 18, మొన్న 16.