చందమామ సీరియల్ బైండు: పదిహేనేళ్ల వాడకం తర్వాత

పాత చందమామల్లోంచి ఒక జానపద సీరియల్ పేజీలు మాత్రమే తీసి, వరసగా పేర్చి కుట్టించిన బైండు గురించి ఇది. నెల్లూరు, ఒంగోలు పాత పుస్తకాల అంగళ్లలో ఇప్పటికీ ఎప్పుడో ఒకటి కనిపిస్తుంది. అట్ట మీద పేరుంటే అది బాల్‌పెన్నుతో రాసిందే. లోపల రచయిత పేరు వెతక్కండి, చందమామ వెయ్యలేదు. 1954లో 'తోకచుక్క'తో మొదలై 1978లో 'భల్లూక మాంత్రికుడు'తో ఆగిన ఆ పన్నెండు సీరియళ్లూ దాసరి సుబ్రహ్మణ్యం రాసినవి. కాబట్టి అంగట్లో సీరియల్ పేరుతోనే అడగాలి.

కొనేముందు ఒక పరీక్ష. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉంటుంది. ముందు భాగం ఆగిన చోటికీ దానికీ పొంతన కుదరకపోతే నడుమ ఒక నెల ఎగిరిపోయినట్టే. ఆఖరి పేజీ తప్పకుండా తిప్పండి. మాంత్రికుడు ఇంకా గుహలోనే ఉండగా బైండు అయిపోతే ధర సగానికి అడగొచ్చు.

చదువుకోవడానికి అయిదుకి అయిదు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు అచ్చు ఆ పేరా పక్కనే ఉంటాయి. సెల్‌ఫోన్లో స్కాన్ చూస్తే ఆ సుఖం రాదు. మన్నికకు మాత్రం రెండే.

కారణం పేజీలు తీసిన తీరు. చందమామ నడిమికి మడిచి పిన్ను కొట్టిన పుస్తకం. చించితే విడి కాగితాలే మిగులుతాయి, మడత దొరకదు. అందుకని బైండరు పక్కనుంచి రంధ్రాలు పొడిచి దారం వేస్తాడు. అర అంగుళం లోపలికి పోయి, వెడల్పాటి బొమ్మల అంచు కుట్టులో కలిసిపోతుంది. తెరిచి బలవంతంగా నొక్కితే పెళుసు కాగితం ఆ కుట్టు గీత వెంటే విరుగుతుంది. కుట్టించేవాళ్లు ఈ మూడూ ముందే చెప్పాలి: తుప్పు పిన్నులు పీకెయ్యాలి, మూడు వైపులా కటింగ్ వెయ్యకూడదు, మైదా బంకలో కాస్త మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపాలి. ఉత్తి మైదా అయితే పురుగుకి విందు. సెల్లో టేపు అసలు వద్దు. కొన్నేళ్లకి టేపు ఊడిపోయి, పచ్చటి జిగురు మరక అక్షరాల మీద ఉండిపోతుంది. పల్చటి టిష్యూ కాగితం, బంక చాలు.

మన వైపు అసలు గండం ఎండాకాలం కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ముసురు. గోడకానించిన బీరువాలో వెనక అట్ట బూజు పడుతుంది. నాలుగు వేళ్ల సందు వదలండి. ప్లాస్టిక్ సంచిలో మూటగడితే చెమ్మ లోపలే ఉండిపోయి ఇంకా చెడుతుంది.

తప్పిన భాగం కోసం వేటపాలెం సారస్వత నికేతనంలో అడగొచ్చు. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలకు పేరున్నది. ఆ ఊరు 2022 దాకా ప్రకాశం జిల్లాలోదే. ఫొటోకి అనుమతి అడగండి, చించడం సంగతి తలపెట్టకండి.

ఇక మళ్లీ అచ్చు మాట. కొన్ని సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి, కానీ పన్నెండూ ఒక వరసలో అంగట్లో నిలవుండే రోజు కావాలి. రచయిత పోయింది 2010లో. చట్టం లెక్కన హక్కు 2070 చివరిదాకా ఉంటుంది. ఆయనలా పత్రిక ఉద్యోగి రాసిన రచన మీద, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి దక్కేది పత్రికలో వేసుకునే హక్కే. పుస్తకం హక్కు రచయితది, తర్వాత వారసులది. బొమ్మల సంగతి విడిగా తేల్చుకోవాలి. వేసేవాళ్లకు ఒక మనవి: పాత సీసపు అక్షరాల ఒత్తుల్ని స్కాన్‌లోంచి అక్షరాలు పట్టే యంత్రం సరిగా చదవదు, మనిషి చేత మళ్లీ టైపు చేయించి రెండుసార్లు ప్రూఫు చూడాలి. బొమ్మలు 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకి) తక్కువ కాకుండా స్కాన్ చెయ్యాలి. ధర పాతిక యాభై పెరిగినా ఫరవాలేదు, మడతల దగ్గర దారంతో కుట్టించండి. జిగురు బైండింగు మన ఎండలకి ఎక్కువ కాలం ఆగదు.