కప్పల కోసం క్విటో, మిందో, బొగోటా: ఎక్కడ డబ్బు దండగ, ఎక్కడ కాదు

ముందే తేల్చి చెప్పేస్తాను. కప్పల కోసం ఈక్వడార్ వెళ్లేవాళ్లు మిందో అడవిలో రాత్రి నడకకి వెళ్తే వెళ్లండి, కానీ క్విటో శివారు శాన్ రఫాయెల్‌లో ఉన్న వికిరి సాపోపార్కే అనే కప్పల పార్కుకి మాత్రం ఒక పూట తప్పకుండా పెట్టుకోండి. మా ప్రయాణంలో పైసా వసూల్ అనిపించింది అదొక్కటే.

మేం వెళ్లింది మావాడి గొడవ భరించలేక. న్యూజెర్సీలో మా ఇంటి దగ్గర జరిగే రెప్టైల్ ఎక్స్‌పోలో ఎర్రటి ఒంటి మీద తెల్లచారలున్న ఒక కప్పని చూశాడు. బొటనవేలు గోరంత ఉంటుంది. కొనిపెట్టమని ఒకటే పోరు. "ఇది ఎక్కడ పుట్టిందండీ?" అని అమ్మేవాణ్ని అడిగితే, తొట్టిలో పెంచిందేనని చెప్పి చీటీ చూపించాడు. అడవిలోంచి దొంగచాటుగా పట్టుకొచ్చినదానికీ అలాంటి చీటీ రాయొచ్చు కదా. ఆ చీటీని ఎంత నమ్మాలన్నదే నా పేచీ.

ఆ చారలకప్పకి పెద్ద చరిత్రే ఉంది. దాని సొంతూరు ఈక్వడార్. అమెరికా శాస్త్రవేత్త జాన్ డాలీ 1974లో దాని చర్మం నుంచి ఒక పదార్థం తీశాడు. నొప్పి తగ్గించడంలో అది మార్ఫిన్ కంటే దాదాపు 200 రెట్లు బలమైనది. దాని నిర్మాణం తేలడానికి 1992 దాకా పట్టింది. మందుగా వాడదామంటే మోతాదు కాస్త ఎక్కువైతే ప్రాణమే పోతుంది. తమాషా ఏమిటంటే, తొట్టిలో పుట్టిపెరిగిన కప్పలో ఈ విషం ఉండదు. అడవిలో తినే చీమలు, చిన్నచిన్న పురుగుల నుంచే దానికి విషం వస్తుంది. మనం పండు ఈగలు వేసి పెంచితే అది ఉత్త అందమైన కప్ప. ఇది విన్నాక మా ఆవిడ కాస్త స్థిమితపడింది.

సాపోపార్కేకి క్విటో మధ్య నుంచి టాక్సీలో వెళ్లాం. ట్రాఫిక్ మీద ఆధారపడి ముప్పావుగంట, గంట. మాకు దొరికిన గైడ్‌కి స్పానిష్ తప్ప రాదు. మావాడు స్కూల్లో నేర్చుకున్న స్పానిష్ అక్కరకొచ్చింది. తీరం కప్పలు, కొండల కప్పలు, అమెజాన్ కప్పలు, ఎక్కడెక్కడివో గాజు పెట్టెల్లో చూపిస్తారు. వికిరి ఇక్కడి జాతుల్ని పెంచి, కాగితాలతో సహా విదేశాలకి అమ్మే సంస్థ. లూయిస్ కొలోమా నడిపే హంబాటు అనే కప్పల పరిశోధన కేంద్రం కూడా శాన్ రఫాయెల్‌లోనే ఉంది. అమ్మకమూ పరిశోధనా ఇలా పక్కపక్కన ఉండటం నాకు నచ్చింది. హంబాటో అనే నల్లకప్ప ఒకప్పుడు ఈ కొండల్లో కాలు పెడితే తగిలేదట. 1988 తర్వాత ఎవరికీ కనబడలేదు, పోయిందనే అనుకున్నారు. 2016లో అంగమార్కా దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని దెబ్బతీసింది అడవిలో కప్పల్ని పట్టి అమ్మే దొంగలు కాదు, ఎక్కువగా చర్మానికి పట్టే ఒక ఫంగస్. పెంపకం అన్ని రోగాలకీ మందు కాదని అక్కడే అర్థమైంది.

లా కరోలినా పార్కులోని వివారియమ్‌లో ప్రధానంగా పాములే. పిల్లలుంటే గంటసేపు సరదాగా గడుస్తుంది, అంతే. మా హోటలు దానికి దగ్గర్లోనే. గది శుభ్రం, వేడినీళ్లు ఇరవైనాలుగు గంటలూ. క్విటో 2,850 మీటర్ల ఎత్తు కాబట్టి మొదటి రోజు మెట్లెక్కే పనేదీ పెట్టుకోవద్దు. అక్కడ చెల్లేది అమెరికా డాలర్లే, కానీ వంద నోటు తీసి చూపిస్తే కొట్టువాళ్లు మొహం తిప్పుకుంటారు. చిల్లర దగ్గరుంచుకోండి. శాకాహారులకి లోక్రో అనే బంగాళాదుంప, చీజ్ సూప్ దిక్కు. మాంసం వద్దంటే చికెన్ తెచ్చిపెట్టే చోట్లు చాలా ఉన్నాయి. చికెన్, చేప కూడా వద్దని విడివిడిగా చెప్పాల్సిందే.

మిందో రెండు గంటల దారి. బస చెక్క గదిలో. బాగుంది కానీ ఆరేసిన బట్టలు మేమున్నన్నాళ్లూ ఆరలేదు. మొదటి రాత్రి గైడ్ కనబడిన కప్పనల్లా చేత్తో పట్టి, అరచేతిలో పెట్టి ఫోటో తీసుకోమన్నాడు. ఒక కప్పని ముట్టుకున్న చేత్తోనే ఇంకోదాన్ని పట్టడమంటే, ఆ ఫంగస్‌ని మనమే మోసుకెళ్లి అంటించినట్టు. రెండో రాత్రి వేరే గైడ్‌ని పెట్టుకున్నాం. ఆమె లైటు కూడా పక్కకి వేసి చూపించింది. ఆకు కింద ఒక గాజుకప్ప, పొట్ట చర్మంలోంచి గుండె కొట్టుకోవడం కనబడింది. ఆ గాజుకప్పలు పెంపుడు వ్యాపారంలో ఎంతగా పోతున్నాయంటే, 2022లో పనామాలో జరిగిన సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశంలో వాటి జాతులన్నిటినీ కలిపి రెండో అనుబంధంలో, అంటే పర్మిట్ లేకుండా దేశం దాటించకూడని జాబితాలో, చేర్చారు. బుక్ చేసేముందు "మీరు కప్పల్ని పట్టుకుంటారా?" అని అడగండి. అవునని గర్వంగా చెబితే వదిలేయండి.

తిరుగు ప్రయాణంలో కొలంబియా రాజధాని బొగోటాలో ఒక పూట ఆగాం. అక్కడి ఎల్ డొరాడో ఎయిర్‌పోర్టులోనే 2019 ఏప్రిల్‌లో జర్మనీకి పోతున్న 424 కప్పల్ని ఫిల్మ్ డబ్బాల్లో పట్టుకున్నారు. 2024 జనవరిలో మళ్లీ 130, అవీ ఫిల్మ్ డబ్బాల్లోనే. ఇలాంటి దోపిడీని ధరతో దెబ్బకొట్టాలని ఇవాన్ లొజానో బొగోటాకి దూరంగా నొకైమాలో తెసోరోస్ దె కొలంబియా అనే కప్పల పెంపక కేంద్రం పెట్టాడు. పర్మిట్ల కోసమే ఏళ్లు తిరిగాడు. పైగా అతను ఎంచుకున్న జాతులు మొండివి. కొలంబియాలోని ఆంచికాయా లోయలో ఉండే లేమన్ కప్ప తల్లి, తోకకప్పని వీపున మోసుకెళ్లి ఆకుల మధ్య నీటిలో వదులుతుంది. తర్వాత ఫలదీకరణం కాని గుడ్లు పెట్టి వాటితోనే మేపుతుంది. మనిషి ఆ పని చేయలేడు కాబట్టి కోళ్లఫారంలా వేలకొద్దీ పెంచడం కుదరదు. ఓపిక లేనివాడు అడవికే పోతాడు మరి.

ఆంచికాయాకి వెళ్దామన్న మావాడి మాట నేను ఒప్పుకోలేదు. భద్రత సంగతి ఒకటి. అంత తక్కువ మిగిలిన కప్ప చోటు ఫోటోల్లో తిరగడం మంచిది కాదన్నది ఇంకోటి.

చీటీల మీద నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఇలాంటి విషపు కప్ప ఒక్కటీ అడవుల్లో పుట్టని కజకిస్థాన్‌లో పెంచినవని కాగితం రాసి, కప్పల్ని లెబనాన్ మీదుగా థాయిలాండ్‌కి పంపిన సంగతిని 2010లో ఇద్దరు పరిశోధకులు బయటపెట్టారు. అందుకే చీటీ ఒక్కటే చాలదు. పెంచినవాడి పేరు, ఏ దేశపు ఎగుమతి పర్మిటో అడగాలి. కొలంబియా, ఈక్వడార్‌లలో చట్టప్రకారం పెంచిన కప్పకి రెండూ చూపించగలరు. ధర కాస్త ఎక్కువైనా ఇస్తాను.

వెళ్లేవాళ్లకి చివరిగా రెండు మాటలు. సాపోపార్కే వేళలు మారుతుంటాయి, ముందే కనుక్కుని బయల్దేరండి. మిందోకి శని, ఆదివారాల్లో వెళ్లొద్దు. క్విటో జనమంతా అక్కడే ఉంటారు, గదుల రేట్లు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి.