ఆనెకాయల పట్టీ కొంటున్నారా? వెనకవైపు చిన్న అక్షరాలు చదివి కొనండి

అరికాళ్ల ఆనెకాయలకు ఆన్‌లైన్‌లో ‘పూర్తిగా మూలికలతో తయారీ’ అంటూ అమ్ముతున్న కార్న్ క్యాప్ పట్టీలతో జాగ్రత్త. ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్లుంటే మరీ జాగ్రత్త.

మా అమ్మ కోసం వచ్చిన ప్యాకెట్టు మీద ముందువైపు వేపాకు, కలబంద బొమ్మలు. వెనక మడత కింద కంటికి ఆనీఆనని అక్షరాల్లో సాలిసిలిక్ యాసిడ్ 40 శాతం. మధుమేహం ఉన్నవారు వాడకూడదన్న మాట ఎక్కడా లేదు. గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచి ఊడదీసే మందే అది, కానీ మంచి చర్మానికి తగిలితే దాన్నీ తినేస్తుంది. అందుకే మందు బిళ్ల ఆనెకాయను దాటి ఉండకూడదు. ఈ పట్టీలో బిళ్ల రూపాయంత, అమ్మ ఆనెకాయ శనగగింజంత! పైగా జిగురు సరిగా లేక నాలుగడుగులు వేయగానే పక్కకు జారింది. విప్పి చూస్తే చిటికెన వేలి కింద చర్మమంతా తెల్లగా నానిపోయి, ఒకచోట పొర లేచి పచ్చిపుండు. అమ్మకు నొప్పే తెలియలేదు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గితే ఇంతే, పుండు ముదిరేదాకా తెలియదు. డాక్టరు చేత కట్టు కట్టించుకుంటూ చాలా రోజులు మంచం దిగకుండా ఉండాల్సి వచ్చింది. అమ్మినవాళ్లేమో విప్పిన ప్యాకెట్టు వెనక్కి తీసుకునేది లేదన్నారు.

మధుమేహం, కాళ్లలో రక్తప్రసరణ లోపం లేనివారికి అసలు పట్టీతో పనే తక్కువ. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలు నానబెట్టి, ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్ది, తడి తుడిచి యూరియా ఉన్న క్రీము రాస్తే చాలు. ఒక్కరోజులో అంతా గీకేయాలని చూడకండి. బ్లేడుతో కోయడం, నల్లజీడి రసం పెట్టడం వద్దే వద్దు, జీడి రసానికి చర్మం బొబ్బలెక్కుతుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం ఇవేవీ సొంతంగా చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఒత్తిడి తగ్గనిదే ఆనెకాయ మళ్లీ మళ్లీ వస్తుంది. వేళ్లను నొక్కేసే చెప్పులు, గట్టి అట్టలు మానేయండి. అమ్మకు ఇప్పుడు మెత్తని ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొన్నాం, ఇంట్లోనూ అవే వేసుకుంటోంది.

ఇలాంటి పట్టీ మీకూ అంటగట్టి ఉంటే ప్యాకెట్టు పారేయకండి. రెండువైపులా ఫొటోలు తీసి, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.