మూత ఉన్న టబ్బు, మట్టి కుండీ: గదిలో చెమ్మ సంగతి

గదిలో చెమ్మ పెరిగిపోతుందన్న టెన్షన్‌తో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా ఎరువు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచడం) జోలికి వెళ్లని వాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. ఆ చెమ్మ టబ్బులో నీళ్ల నుంచి రాదు, ఆకుల నుంచి వస్తుంది. ఏళ్లుగా రెండు పద్ధతులనూ ఒకే గదిలో పక్కపక్కన పెంచుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఎండ తగలని చిన్న గది అది. ఎల్ఈడీ గ్రో లైట్ల కింద ఒక వైపు ప్లాస్టిక్ టబ్బులు ఉంటాయి. వాటి మూతలకు రంధ్రాలు చేసి మొక్క నిలిచే జాలీ కప్పులు (నెట్ కప్పులు) దించాను, అడుగున గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేశాను. రెండో వైపు ఎర్రమట్టి, కోకోపీట్, వర్మికంపోస్టు కలిపిన మట్టి కుండీలు.

మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నారు పెట్టిన కొత్తలో టబ్బులో నీటి మట్టం దాదాపు కదలదు. మూత ఉంది, ఖాళీ రంధ్రాలకు టేపు వేశాను, ఇక ఆవిరి పోయే దారి ఏది? కుండీ అలా కాదు. నీళ్లు పోసిన రోజున మట్టి పైభాగం నుంచి ఆవిరి జోరుగా లేస్తుంది, గాలిలో తేమ శాతం చూపే హైగ్రోమీటర్‌లో అంకె పైకి పోతుంది. పై పొర ఎండాక ఆ పొరే అడ్డుపడి ఆవిరి తగ్గుతుంది. అంటే కుండీలున్న గదిలో తేమ నీళ్లు పోసినప్పుడల్లా పెరిగి తగ్గుతూ ఉంటుంది.

మొక్కలు ఎదిగాక లెక్క మారిపోతుంది. నిండుగా పెరిగిన లెట్యూస్ ఉన్న టబ్బు రోజుకు లీటరు దాకా తాగేస్తుంది. వేరు తీసుకున్న నీటిలో అతి కొంచెమే మొక్కలో మిగులుతుంది, మిగతాదంతా ఆకుల రంధ్రాల నుంచి ఆవిరిగా పోతుంది. మట్టిలో మొక్కకు నీరు చాలనప్పుడు ఆ రంధ్రాలు మూసుకుంటాయి. టబ్బులో వేళ్లకు నీటి కొరతే ఉండదు కాబట్టి లైటు ఉన్నంతసేపూ తెరుచుకునే ఉంటాయి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి 25 డిగ్రీల దగ్గర పూర్తిగా నిండినా సుమారు 650 గ్రాముల ఆవిరినే పట్టుకోగలదు. గాలి మారకపోతే ఒక్క టబ్బు రోజూ వదిలే లీటరుకే అందులో చోటు లేదు. అందుకే నా దృష్టిలో గ్రో లైటు కంటే ముందు కొనాల్సింది ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఏసీ గది అయితే ఆకులు వదిలిన ఆవిరిలో చాలా భాగం డ్రెయిన్ పైపులోంచి నీళ్లయి బయటికి పోతుంది.

వేసవిలో టబ్బుకు పెద్ద లోటు ఒకటి ఉంది, దీని గురించి అమ్మేవాళ్లు చెప్పరు. మట్టి కుండీ గోడల నుంచి చెమ్మ ఆరుతూ కూజాలో నీళ్లలా వేళ్లను చల్లగా ఉంచుతుంది. మూత వేసిన ప్లాస్టిక్ టబ్బుకు ఆ చల్లదనం లేదు. నీళ్లు 30 డిగ్రీలకు చేరితే అందులో కరిగే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. వేళ్లు కుళ్లేది ఈ వేడి నీళ్లలోనే. ఏప్రిల్, మే నెలల్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు టబ్బుల్లో వేస్తూ ఉంటాను. అదనపు పనే, కానీ తప్పదు.

ఎండల్లోనే ఇంకో సంగతి. పొడి గాలిలో మొక్క ఎరువు కంటే నీళ్లే ఎక్కువ లాగుతుంది, దాంతో మిగిలిన నీళ్లు చిక్కబడతాయి. నీళ్లలో కరిగిన లవణాల మోతాదు చూపే ఈసీ మీటర్‌లో 1.2 ఉన్నది 1.8 అయితే మళ్లీ ఎరువు నీళ్లు పోయకండి, ఉత్త నీళ్లే పోయండి. బోరు నీళ్లైతే అందులోని లవణాలు కూడా పేరుకుంటాయి కాబట్టి నేను ఆర్‌ఓ నీళ్లే వాడతాను.

వానాకాలం రెండింటికీ పరీక్షే. కుండీల్లో పైమట్టి రోజుల తరబడి ఆరదు, పాకుడు పడుతుంది, చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు లేస్తాయి. టబ్బుల్లో ఈ పురుగుల బెడద తక్కువ. కానీ లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు మాడతాయి. నీళ్లలో కాల్షియం ఉన్నా సరే, ఆకు ఆవిరి వదిలితేనే అది పైకి ఎక్కుతుంది. గాలి చెమ్మగా, కదలకుండా ఉంటే లేత ఆకుకు అందదు. ఆకుల మీదుగా చిన్న ఫ్యాన్ తిరిగేలా పెట్టాక ఈ మాడటం బాగా తగ్గింది.

రాత్రి లైట్లు ఆపాక అంకె పెరిగిందని కంగారు పడకండి. 28 డిగ్రీల దగ్గర 65 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీలకు చల్లబడితే, కొత్తగా ఆవిరి చేరకుండానే 80 శాతం దాటుతుంది. చవక హైగ్రోమీటర్‌ను నమ్మే ముందు తడిపిన ఉప్పు పక్కన, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి కొన్ని గంటలు చూడండి. 75 దగ్గర చూపించాలి.

పుదీనా, కరివేపాకు నేను మట్టి నుంచి కదపను. బాసిల్, పాలకూర టబ్బులోనే బాగున్నాయి. వానాకాలంలో కొన్ని టబ్బుల్లో లెట్యూస్ తీసేసి తూటికూర వేస్తున్నాను. వెచ్చటి నీళ్లు, చెమ్మగాలి దానికి ఇబ్బందే కాదు, కోసిన కొద్దీ చిగురిస్తోంది.