విల్లులో వచ్చిన ఆస్తి వద్దంటే కాగితం రాసిపెట్టే షాపు: రాత బాగుంది, అడగాల్సిన మాట అడగడం లేదు

విజయనగరంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టుపక్కలున్న దస్తావేజు లేఖరి షాపుల్లో ఒకదాని గురించి ఈ సమీక్ష. పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపం ఆ ఒక్క షాపుదే కాదు, శ్రీకాకుళం వెళ్లి అడిగినా ఇంచుమించు ఇదే కాగితం చేతిలో పెడతారు. చూసింది కూడా ఒకే ఒక్క పని: చనిపోయినవారు విల్లులో రాసిన ఆస్తి "నాకొద్దు" అని వచ్చినవారికి వాళ్లు రాసిచ్చే కాగితం. అమ్మకాలు, తనఖాల సంగతి వేరు, వాటి జోలికి పోవడం లేదు.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పాలి. షెడ్యూలు రాయడంలో వీళ్లకు వంక పెట్టలేం. సర్వే నెంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు అన్నీ పాత దస్తావేజుతో, 1బీతో (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ నకలు) పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండింట్లో సెంట్లు తేడా వస్తే టైపు ఆపి అడుగుతారు. "తూర్పు: ఫలానా వారి జిరాయితీ" అని పాత కాగితంలో ఉండి, ఆ పొలం ఇప్పుడు చేతులు మారి ఉంటే పాత పేరూ కొత్త పేరూ రెండూ వేస్తారు. రేపు కొనేవాడి వకీలు మొదట వెతికేది ఇదే కాబట్టి ఈ జాగ్రత్తకు పూర్తి మార్కులు.

ఇక కాగితం లోపలి మాటలు. షాపులో కంప్యూటర్‌లో ఉన్న నమూనా ఒక్కటే, పేర్లు మార్చి అందరికీ అదే తీస్తారు. అసలు వాక్యం ఇలా ఉంటుంది: "మన తండ్రిగారు వ్రాసిన వీలునామా రీత్యా నాకు సంక్రమించిన దిగువ షెడ్యూలు ఆస్తియందు నాకు గల సర్వహక్కులను నా తమ్ముడవైన నీకు విడుదల చేయడమైనది."

చదవడానికి నిండుగా ఉంది. కానీ వద్దనడానికి ఇది పనికిరాదు. "సంక్రమించిన" అనగానే ఆస్తి నా దగ్గరికి వచ్చేసిందని ఒప్పుకున్నట్టు. "నాకు గల హక్కులు" అనడంతో హక్కు ఉందని సంతకం పెట్టినట్టు. "నీకు విడుదల" అనేసరికి ఎవరికి పోవాలో తనే నిర్ణయించినట్టు. వద్దనేవాడికి ఆ నిర్ణయం ఉండదు. విల్లు రాసినాయన ఇవ్వబోయాడు, ఇతను చెయ్యి చాచలేదు, అంతే. ఆ తర్వాత ఆస్తి ఎటు పోవాలన్నది విల్లు చెప్పాలి, విల్లు చెప్పకపోతే చట్టం చెప్పాలి. ఫలానా వారి పేరున అని ఒక్క మాట పడిందంటే అది నిరాకరణ కాదు, బదిలీ. తీసుకుని ఇచ్చినట్టు లెక్క.

ఈ తేడా ఎంత దూరం పోతుందో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. నెల్లిమర్ల వైపు ఒకాయన సొంతంగా కొన్న 1 ఎకరా 20 సెంట్ల పల్లం భూమి కూతురికి విల్లు రాసి పోయాడనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఆ కూతురు ఉన్నారు. విల్లులో "మిగిలిన నా యావత్తు స్థిర చరాస్తులు ఫలానా వారికి" అనే పేరా లేదు. అప్పకు, అంటే ఆ కూతురికి, ఆ భూమి అక్కర్లేదు, చిన్నతమ్ముడికి పోవాలని కోరిక. ఆమె వట్టిగా వద్దంటే ఆ భూమి విల్లు లేని ఆస్తి అవుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్యకు, ముగ్గురు పిల్లలకు సమానంగా 30 సెంట్ల చొప్పున పోతుంది. ఆ నలుగురిలో అప్ప కూడా ఉంది! ముందు గుమ్మంలోంచి పంపిన ఆస్తిలో పావు వంతు పెరటి గుమ్మంలోంచి మళ్లీ ఆమె ఇంటికే వస్తుంది. ఆ 30 సెంట్లు తమ్ముడికి విడిగా విడుదల రాసినా వాడికి చేరేది మొత్తం 60 సెంట్లే. 120 సెంట్లూ వాడికే దక్కాలంటే ఆమె వద్దనకూడదు. విల్లు ప్రకారం తీసుకుని, తన పేరున మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించుకుని, తమ్ముడికి దఖలు దస్తావేజు (అయినవారికి ఊరికే ఇచ్చే సెటిల్‌మెంట్ కాగితం) రిజిస్టరు చేయాలి. షాపువాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న "మీకు వద్దా, లేక తమ్ముడికి కావాలా?" అన్నది. అది అడగరు.

ఆ తమ్ముడికి విల్లు ప్రకారం ఆ భూమిలో వాటాయే లేదన్నది ఇంకో చిక్కు. విడుదల దస్తావేజు అసలు వాడుక తోటి వాటాదారుకు హక్కు వదలడానికి. వాటా లేనివాడికి "విడుదల" అని రాస్తే, పైన ఏ పేరున్నా లోపల మాటల్ని బట్టి అది దానమో బదిలీయో అవుతుంది. 1967లో కుప్పుస్వామి చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇదే. స్టాంపు డ్యూటీ కూడా ఆ లోపలి మాటల్ని బట్టే అడుగుతారు. తక్కువ కట్టి వెళ్తే దస్తావేజు పెండింగులో పడుతుంది, మిగతా డబ్బు కట్టేదాకా చేతికి రాదు. రేట్లు మారుతుంటాయి కాబట్టి నోటి లెక్క నమ్మకుండా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో డ్యూటీ లెక్కించి చూసుకోవడం మేలు. విడుదల, దఖలు రెండింటికీ విడివిడిగా చూడాలి.

సరే, నిజంగానే వద్దనుకునేవారికి ఏం రాయాలి? షాపు నమూనాలో లేనిది ఇదే: "పై వీలునామా 3వ పేరాలో నాకు వ్రాసిన ఆస్తిని నేను నేటివరకు స్వీకరించలేదు, స్వాధీనపరచుకోలేదు, ఫలసాయం అనుభవించలేదు. దానిని స్వీకరించుటకు ఇందుమూలముగా నిరాకరిస్తున్నాను." అక్కడితో ఆపాలి, ఎవరి పేరూ రాయకూడదు. వారసుడిగా తిరిగొచ్చే వాటా కూడా వద్దనుకుంటే దాని మాట విడిగా ఆలోచించుకోవాలి. విల్లు కింద ఇచ్చినది వద్దన్నంత మాత్రాన చట్టం ఇచ్చేది కూడా వద్దన్నట్టు కాదు.

ఇలా రాయాలంటే ఆ మాటలు నిజమై ఉండాలి కదా. మనవాళ్లు జారేది ఇక్కడే. నాన్న పోయిన రెండో నెలలో మ్యుటేషన్‌కి అర్జీ పెట్టేస్తారు. కౌలు డబ్బులు పుచ్చుకుంటారు. ఇంటిపన్ను తమ పేరుకు మార్పించుకుంటారు, పాసుపుస్తకం పెట్టి పంట రుణం తెస్తారు. ఏడాది తర్వాత తగువు వచ్చి "నాకసలొద్దు" అంటారు. అప్పటికి స్వీకరించినట్టే, ఇక నిరాకరణ లేదు, బదిలీ ఒక్కటే మిగిలింది. తండ్రి బతికుండగా రాసిన "నాకేమీ వద్దు" కాగితం మీద కూడా ఆధారపడకూడదు. విల్లులో రావచ్చన్న ఆశ బదిలీ చేయదగ్గ ఆస్తి కాదని ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ అంటుంది. ఇలాంటి కాగితం కూడా రాసిస్తామని షాపువాళ్లు ఒప్పుకోవడం మింగుడుపడని సంగతి.

సగం కావాలి, సగం వద్దు అనేవారి సంగతి 1925 భారత వారసత్వ చట్టం 122, 123 సెక్షన్లలో ఉంది. ఉద్దానంలో జీడి తోట రాసి, దాని మీదున్న బ్యాంకు అప్పు తీర్చాలని అదే పేరాలో షరతు పెట్టారనుకోండి. తోట ఉంచుకుని అప్పు వదిలేస్తానంటే కుదరదు. పుచ్చుకుంటే రెండూ, లేకపోతే ఏదీ లేదు. అదే విల్లులో ఒక పేరాలో ఇల్లు, ఇంకో పేరాలో వేరుగా నష్టాల్లో ఉన్న మిల్లు వాటా రాశారనుకోండి. ఇల్లు తీసుకుని మిల్లు వద్దనవచ్చు. అందుకే విల్లు చదివేటప్పుడు పేరాల విభజన చూడాలి. ఈ షాపులో మాత్రం విల్లులో ఆస్తుల జాబితా ఒక్కటే చూసుకుని మిగతా పేజీలు తిరగేయకుండా పక్కన పెడతారు.

అలా పక్కన పెట్టిన పేజీల్లోనే "నా కొడుకు నాకన్నా ముందు పోతే మనవడికి" లాంటి వాక్యాలు ఉంటాయి. కొడుకు పోలేదు, వద్దన్నాడు. అయినా అదే 1925 చట్టం 129వ సెక్షన్ ప్రకారం మొదటి ఏర్పాటు తాత అనుకోని కారణంతో తప్పినా రెండోది అమల్లోకి రావచ్చు. ఆ వాక్యం లేకపోతే మనవడికి నేరుగా ఏమీ రాదు. "నేను వద్దంటే నా పిల్లలకు పోతుంది" అన్న నమ్మకం బజారులో బాగా ఉంది. 109వ సెక్షన్ పిల్లల్ని కాపాడేది విల్లు రాసినవారికన్నా ముందే కొడుకో కూతురో చనిపోయినప్పుడు. బతికుండి వద్దన్నవాళ్ల పిల్లలకు ఆ సెక్షన్ వర్తించదు.

నోటరీ గురించి ఒక మాట. 100 రూపాయల బాండు పేపరు మీద రాసి, నోటరీ ముద్ర వేయించి "అయిపోయింది" అని పంపేయడం ఈ షాపులో రెండో రకం సేవ. స్థిరాస్తిలో హక్కును వదిలే, తగ్గించే కాగితాలు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టరు కావాలి. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది గానీ రిజిస్ట్రేషన్ లోటు పూడ్చదు. నిరాకరణ బదిలీ కాదు కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు అని వాదించవచ్చు. కానీ రేపు బ్యాంకులో, కొనుగోలుదారు దగ్గర ఆ వాదన వినిపించుకునే ఓపిక ఎవరికీ ఉండదు. భూమో ఇల్లో అయితే రిజిస్టరు చేయించేయడమే తెలివి. దఖలైతే రిజిస్ట్రేషన్‌తో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి.

షాపులో ఇంకో పొరపాటు మాట వినిపిస్తుంది: "ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం, విల్లు ఏమీ కనబడలేదు." కనబడదు. విల్లులు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 3వ పుస్తకంలో ఉంటాయి, ఈసీ 1వ పుస్తకం నుంచి వస్తుంది. రాసినవారు బతికుండగా వారికి లేదా వారి ఏజెంటుకు తప్ప విల్లు నకలు ఇవ్వరు. పోయిన తర్వాత ఎవరడిగినా ఇస్తారు, మరణ ధ్రువపత్రం పట్టుకెళ్లి అడగాలి. విల్లుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి ఇంట్లో బీరువాలో వేరే విల్లు ఉండే అవకాశం ఎలాగూ ఉంటుంది. ఆఖరున రాసినదే చెల్లుతుంది. నిరాకరణ రాసే ముందు ఆ వెతుకులాట పూర్తి కావాలి.

మైనర్ల పేరున రాసిన ఆస్తిని తండ్రో తల్లో వద్దనడానికి వస్తే షాపువాళ్లు ఒప్పుకోకూడదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ కింద మైనరు స్థిరాస్తిని బదిలీ చేయడానికి కోర్టు అనుమతి కావాలి. ఏజెన్సీ గ్రామాల భూమి అయితే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడి పేరున బదిలీ నిలవదు. డీ పట్టా (ప్రభుత్వం పేదలకు కేటాయించిన) భూమి అంతకన్నా చిక్కు. ఈ మూడు రకాలకూ లేఖరి షాపు చోటు కాదు, వకీలు దగ్గరికి పోవాలి. వకీలు ఫీజు భారమైతే విజయనగరం, శ్రీకాకుళం జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థలున్నాయి. ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సలహా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మార్కులు: షెడ్యూలు రాతకు అయిదుకు అయిదు. దస్తావేజు ఎంపికకు ఒకటి, అదీ బతిమాలితే విడుదల బదులు దఖలు రాస్తారు కాబట్టి. ధరల విషయంలో రాతకూలి, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఫీజు మూడూ కలిపి ఒకే అంకె చెబుతారు. విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి, ప్రభుత్వానికి కట్టినదానికి చలానా చేతిలో ఉంచుకోవాలి.

ఆస్తి ఇప్పటికే తమ పేరుకు మారి, తోటి వాటాదారుకు ఇవ్వాలనుకునేవారు ఈ షాపుకి ధైర్యంగా వెళ్లొచ్చు. ఇంకా ముట్టుకోనివారు మాత్రం మరణ ధ్రువపత్రం, విల్లు పూర్తి నకలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, 1బీ పట్టుకుని ముందు వకీలుతో నిరాకరణ పేరా రాయించుకుని, షెడ్యూలు టైపుకు మాత్రం ఇక్కడికి రావాలి. ప్రింటు తీశాక "సంక్రమించిన" అన్న మాట ఎక్కడైనా మిగిలిందేమో సంతకానికి ముందు వేలు పెట్టి చూసుకోండి. నమూనాలో అది మూడు చోట్ల ఉంది, రెండు చోట్ల మార్చి మూడోది మరిచిపోతున్నారు.