గవర్నర్‌పేటలో ఐదు మాక్ ఇంటర్వ్యూలు: 4,130 రూపాయలు గిట్టాయా?

బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఫలితాలు ఇంకా రాలేదు. అవి రాకముందే ఇది రాసేస్తున్నాను. ఉద్యోగం వచ్చాక రాస్తే నేను వెళ్లిన కోచింగ్ సెంటర్ నాకు గుడిలా కనిపిస్తుంది, రాకపోతే దొంగల ముఠాలా కనిపిస్తుంది. ఇవాళ్టికైతే రెండూ కాదు.

బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూ కోసం విజయవాడ గవర్నర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో మాక్ ఇంటర్వ్యూల (నమూనా ఇంటర్వ్యూల) ప్యాకేజీ తీసుకున్నాను. పేరు రాయను. తిట్టాల్సినవి ఉన్నాయి, మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. ఇలాంటి సెంటర్లు ఊరికి పది ఉంటాయి, డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు నా సంగతి. మాది బందరు. ఈసీఈలో బీటెక్. పోయినసారి ప్రభుత్వ బ్యాంకుల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ల మెయిన్స్ రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూకి వెళ్లాను. నూటికి 41 వచ్చాయి. ఓసీకి 40, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకి 35 వస్తే గట్టెక్కినట్టే లెక్క. కానీ గట్టెక్కడం వేరు, పోస్టు రావడం వేరు. ఆఖర్న మెయిన్స్‌ని 80 పాళ్లు, ఇంటర్వ్యూని 20 పాళ్లుగా కలుపుతారు. నా 41 అక్కడ 8.2 అయి కూర్చుంది. 60 వచ్చి ఉంటే 12 అయ్యేది. ఆ తేడాలోనే నా పోస్టు పోయింది.

41 ఎందుకొచ్చాయో నాకు బాగా తెలుసు. బోర్డులో పెద్దాయన నా బయోడేటా చూసి, "మచిలీపట్నమా? బ్యాంకింగ్‌కీ మీ ఊరికీ ఏమిటి సంబంధం?" అన్నారు. అంత సులువైన ప్రశ్న ఆ రోజు ఇంకెవరికీ వచ్చి ఉండదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంక్ పెట్టింది మా ఊళ్లోనే, 1923 నవంబరులో. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. పాస్‌బుక్ మీద పేరు మారిందని మా నాన్న రెండు రోజులు బాధపడ్డాడు కూడా. నేనేమన్నానో తెలుసా? "పోర్ట్ ఉంది సర్."

నాలుక పిడచకట్టుకుపోయింది. 1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయం చేశారని, సీఆర్‌ఆర్ అంటే ఇదని, ఎస్‌ఎల్‌ఆర్ అంటే అదని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఊరి సంగతి మాత్రం నోటికి రాలేదు. దాన్ని ఎప్పుడూ పుస్తకంలో చదవలేదు మరి.

అందుకే ఈసారి మెయిన్స్ దాటగానే ఈ సెంటర్‌కి ఫోన్ చేశాను. ఫీజు 3,500 అన్నారు. తెల్లారి బందరులో బస్సెక్కి విజయవాడ బస్టాండులో దిగి వెళితే 4,130 అన్నారు. 18 శాతం జీఎస్‌టీ అట. ఫోన్లో చెప్పొచ్చుగా అంటే, "అందరికీ తెలుసులే మేడం" అంది కౌంటర్‌లో అమ్మాయి. రెండో అంతస్తు, లిఫ్ట్ పనిచెయ్యదు, కింద జిరాక్స్ షాపు. ఇంటర్వ్యూ గది చిన్నది. ఏసీ నీళ్లు కారడానికి ఒక ప్లాస్టిక్ బకెట్, ఆ బకెట్ పక్కనే అభ్యర్థి కుర్చీ. చుక్క పడ్డప్పుడల్లా టప్, టప్. మొదట్లో చిరాకేసింది గానీ, ఆ చప్పుడులో మాట్లాడటం అలవాటైనవాళ్లని అసలు బోర్డు ఏం చెయ్యలేదని తర్వాత నవ్వుకున్నాం.

మొదటి రోజు పూర్తిగా దండగ. 32 మందిని ఒకే హాల్లో కూర్చోబెట్టి సెల్ఫ్ ఇంట్రడక్షన్ పీడీఎఫ్ ఒకటి పంపారు. పేరూ ఊరూ ఉన్నచోట ఖాళీలు, మిగతాదంతా అందరికీ ఒకటే. బలం: త్వరగా నేర్చుకుంటాను. బలహీనత: ప్రతిదీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలనుకుంటాను. బీటెక్ చదివి బ్యాంకుకెందుకు అంటే: ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ ద్వారా దేశసేవ. 32 మందీ ఇదే బట్టీపట్టి ఒకే వారంలో ఒకే బోర్డు ముందుకి వెళితే ఏమవుతుందో సెంటర్ వాళ్లకి తట్టలేదా?

మధ్యాహ్నం బాడీ లాంగ్వేజ్ క్లాసు. వేళ్ల కొనలు ఆనించి గోపురంలా పెట్టాలట. పెదాల మీద చిరునవ్వు చెదరకూడదట. అద్దం ముందు ప్రయత్నిస్తే పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నదానిలా ఉన్నాను. ఆ తర్వాత ఇంకో గంట గ్రూప్ డిస్కషన్. ఐబీపీఎస్ పీవోకి అసలు గ్రూప్ డిస్కషనే లేదు. గ్రూప్ ఎక్సర్‌సైజులు ఉండేది ఎస్‌బీఐ పీవోకి. అడిగితే "పనికొస్తుంది మేడం" అన్నారు. పనికొచ్చేవి ప్రపంచంలో చాలా ఉన్నాయి.

మొదటి రెండు మాక్‌లు సెంటర్ ఫ్యాకల్టీయే చేశారు. ప్రశ్నలన్నీ పుస్తకంలోవే. రెపో రేటు, కేవైసీ, 90 రోజులు వాయిదా కట్టకపోతే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. గడగడా చెప్పేశాను. "ఎక్సలెంట్" అన్నారు. ఆ మాటతో ఇంటికి వెళ్లిపోయి ఉంటే మళ్లీ 41 దగ్గరే ఆగేదాన్నేమో. కానీ ప్రతి మాక్‌నీ వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. ఈ ఒక్క పనికి వాళ్లకి దండం పెట్టాలి. ఆ రాత్రి తలుపేసుకుని చూసుకున్నాను. పదకొండు నిమిషాల్లో "యాక్చువల్లీ" 19 సార్లు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంగరం తిప్పుతూనే ఉన్నాను. అన్నిటికన్నా దారుణం, ఆయన ప్రశ్న సగంలో ఉండగానే నేను జవాబు మొదలెట్టేస్తున్నాను. టెన్షన్ పడుతున్నట్టు నాకు అప్పుడు తెలియనే లేదు. తెలిసినదంతా ఒలకబోసి పారిపోవాలన్న తొందర అది. చూసేవాళ్లకి ఇట్టే కనిపిస్తుంది.

మూడో మాక్ కోసమే ఈ రివ్యూ రాస్తున్నాననుకోండి.

ఆ రోజు వచ్చినాయన బ్యాంకులో చీఫ్ మేనేజర్‌గా చేసి రిటైరయ్యారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నా బయోడేటా మీంచి తలెత్తకుండానే తెలుగులో అడిగారు.

"నాన్నగారేం చేస్తారమ్మా?"

"ప్రైవేట్ జాబ్ సర్."

"ప్రైవేట్ అంటే?"

"కలంకారీ సర్. పెడనలో అచ్చులు వేస్తారు."

"మరి అదే రాయడానికేం?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన కూడా దానికోసం ఆగలేదు. "ఎలా వేస్తారో చెప్పు. తెలుగులోనే. మీ పక్కింటావిడకి చెప్పినట్టు చెప్పు" అన్నారు.

చెప్పాను. గంజి పోయేదాకా గుడ్డ ఉతకడం, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టడం. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెడితే నల్లరంగు, ఎరుపు రావాల్సినచోట పటిక. టేకు చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద గీతకి గీత కలిసేలా పెట్టి, పైనుంచి పిడికిలితో ఒక్క గుద్దు. ఆ గుద్దు చూపించబోయి నా చెయ్యి దానంతటదే లేచి బల్ల మీద పడింది. ఆయన ముందున్న గ్లాసులో నీళ్లు తొణికాయి. ఆయన మొదటిసారి నవ్వారు. "ఇందాకట్నుంచీ ఒళ్లో దాచుకున్న చెయ్యి ఇదేనా?"

తర్వాత అదే మళ్లీ ఇంగ్లీషులో చెప్పించారు. పెద్ద పెద్ద వాక్యాలు కడితే మధ్యలో ఆపేశారు. "చిన్న వాక్యం చెప్పు. ఫుల్‌స్టాప్ పెట్టు. ఊపిరి వదులు. అప్పుడు ఇంకోటి." పీల్చడం కాదు, వదలడం ముఖ్యమట. నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదిలితే గుండె దడ తగ్గుతుందని, తన మొదటి ప్రమోషన్ ఇంటర్వ్యూ నుంచీ తాను చేస్తున్నది అదేనని చెప్పారు. నేను యోగా క్లాసులో విన్నదే. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య దాన్ని ఇరికించొచ్చని ఎవరూ చెప్పలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. "మీ నాన్నే నీ బ్రాంచికొచ్చి 50 వేలు అప్పడిగితే ఏ స్కీంలో ఇస్తావు?"

"పీఎం విశ్వకర్మ సర్" అన్నాను ధీమాగా. చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన అప్పుల పథకం అది. 2023 సెప్టెంబరు 17న మొదలు, మొదటి విడత లక్ష, వడ్డీ 5 శాతం, 18 వృత్తులు, అన్నీ అప్పజెప్పాను.

"ఆ 18లో అచ్చు అద్దకం ఉందా?"

"ఉంటుంది సర్."

"ఉంటుందా, ఉందా?"

లేదు. వడ్రంగి, కుమ్మరి, దర్జీ, బుట్టలల్లేవాళ్లు, చేపల వలలల్లేవాళ్లు ఉన్నారు. మా నాన్న పని ఆ జాబితాలో లేదు. చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే ముద్ర పథకంలో 'శిశు' రకం అయితే 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు, అది నాకు తెలుసు కూడా. కంగారులో కొత్తది, పెద్దది చెబితే బాగుంటుందనిపించింది. ఆయన బయోడేటా పక్కన పెట్టారు. "తెలియకపోతే తెలియదను తల్లీ. పోయేది ఒక ప్రశ్నే. ఊహించి చెప్పి దొరికిపోయావనుకో, అక్కణ్నుంచి నువ్వు నిజం చెప్పినా వాళ్లు అనుమానంగానే వింటారు. 'ఉంటుంది' అని రాసిన లోన్ ఫైలు మీద నేను సంతకం పెట్టను."

వెళ్తూ వెళ్తూ బట్టల సంగతి అడిగాను. సెంటర్ వాళ్లు బ్లేజర్ కొనుక్కోమన్నారు. "ఇంటర్వ్యూకని కొత్తది కొనకమ్మా. నీకు ఒంటికి అలవాటైంది వేసుకో" అన్నారు. పోయినసారి కొత్త చీరకట్టి లోపలున్నంతసేపూ పిన్ను ఊడుతుందేమోనన్న ధ్యాసలోనే ఉన్నాను. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు, అయినా ఆయనకి తెలిసిపోయినట్టుంది.

నాలుగో మాక్ పర్వాలేదు. ఒకాయన కావాలని కసురుకుంటూ అడిగారు, స్ట్రెస్ ఇంటర్వ్యూ అట. ఐదోది ఆన్‌లైన్లో పెట్టారు. అవతలాయన మైక్ ఆపడం మర్చిపోయి జంతికలు నములుతూ ప్రశ్నలడిగారు. కరకర మధ్యలో నా ద్రవ్యోల్బణం. దానికీ పూర్తి డబ్బే.

ఇక అసలు ఇంటర్వ్యూ. ఉదయం ఎనిమిదిన్నరకి రమ్మన్నారు, సర్టిఫికెట్ల పరిశీలన అయ్యి నా పిలుపు వచ్చేసరికి ఒంటిగంట ఇరవై. పోయినసారి ఖాళీ కడుపుతో ఉన్నాను, ఈసారి అమ్మ డబ్బాలో పెట్టిన ఇడ్లీలు పదకొండింటికి మెట్ల మీద కూర్చుని తిన్నాను. పక్కనున్న అమ్మాయి చూసి "ఎలా తినబుద్దవుతోంది అక్కా?" అంది. ఒకటి చేతిలో పెడితే తనూ తినేసింది. బయటికొస్తున్న ప్రతివాళ్లనీ ఏమడిగారని చుట్టుముట్టే గుంపుకి దూరంగా ఉన్నాను. ఇది ఎవరూ చెప్పలేదు, నా సొంత తెలివి.

లోపల ఐదుగురు. మూడో ప్రశ్నే అది, బీటెక్ చదివి బ్యాంకుకెందుకు? నాకు ముందు వెళ్లినవాళ్లలో మా సెంటర్ కుర్రాడొకడున్నాడు, దేశసేవ ఆ పాటికే ఒకసారి అయిపోయి ఉంటుంది. నేను ఊపిరి వదిలి, మా నాన్న నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేవాడని చెప్పాను. చివర కూర్చున్న మేడం "ఏడాదికి ఎంత పడుతుంది?" అన్నారు. "36 శాతం మేడం." ఇంక మిగతా అయిదు నిమిషాలు దాని చుట్టే. ఆయన బ్యాంకుకి ఎందుకు రాలేదు? బిల్లులు లేవు. ఎందుకు లేవు? కూలికి వేసే పని, రోజు కూలి లెక్క. మరి నువ్వు ఆఫీసరువైతే ఆయన ఆదాయం ఎలా లెక్కగడతావు? ఇక్కడ కాస్త తడబడ్డాను, కానీ ఉంగరం తిప్పలేదు. ఉంగరం ఇంట్లో పెట్టి వచ్చాను.

ఒకాయన బాసెల్ 3లో, అంటే బ్యాంకుల మూలధనం నిబంధనల్లో, ఏదో బఫర్ గురించి అడిగారు. "సారీ సర్, నాకు తెలియదు" అన్నాను. కొండ కూలలేదు. ఆయన తలూపి పక్కాయన వైపు చూశారు, అంతే. ఆంధ్రా బ్యాంక్ గురించి మాత్రం ఈసారి ఎవరూ అడగలేదు. అడుగుతారని ఎంత ఎదురుచూశానో.

కాబట్టి నా లెక్క ఇది: ఐదు చుక్కలకి మూడు. వీడియోకి ఒకటి, ఆ పెద్దాయనకి రెండు. పీడీఎఫ్‌కీ గోపురం వేళ్లకీ జంతికలకీ సున్నా. మీ చుట్టుపక్కల ఇలాంటి సెంటర్‌లో చేరేట్టయితే ఫోన్లోనే మూడు అడగండి: జీఎస్‌టీతో కలిపి ఎంత, వీడియో ఇస్తారా, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్లు ప్యానెల్లో ఏ రోజు కూర్చుంటారు. ఆ రోజుకే స్లాట్ పట్టుబట్టి తీసుకోండి. మిగతా మాక్‌లు నాలుగూ వదిలేసుకుని ఆయన దగ్గరే రెండుసార్లు కూర్చోనిస్తారా అని నేను అడిగాను. "ప్యాకేజీలో లేదు మేడం" అన్నారు.

జీఎస్‌టీ కట్టించుకున్నారుగా, బిల్లివ్వండి అంటే మెయిల్ చేస్తామన్నారు. నెల దాటింది. అదీ, ఫలితాలూ, ఏది ముందొస్తుందో చూస్తున్నాను.