మన ఊరి ఫొటోలు: కామన్స్‌లోనా, అన్‌స్ప్లాష్‌లోనా?

తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలు, విజయనగరం కోట గోడలు. ఇలాంటి మంచి ఫొటోలు మన ఫోన్లలో ఊరికే పడి ఉన్నాయి. వాటిని అందరికీ ఉచితంగా ఇద్దామంటే ఎక్కడ పెట్టాలి?

2013లో మొదలైన ఉచిత ఫొటోల వెబ్‌సైటు అన్‌స్ప్లాష్‌లో అందానిదే పైచేయి. కళింగపట్నం తీరంలో సూర్యోదయం లాంటి ఫొటోకి అది బాగుంటుంది. వాడుకునేవాళ్లు మీ పేరు చెప్పాల్సిన పని మాత్రం లేదు.

వికీపీడియా వ్యాసాలకు ఫొటోలు అందించే, 2004 నాటి వికీమీడియా కామన్స్ తీరు వేరు. అక్కడ అందం కన్నా ఆ ఫొటో ఏం చెబుతుందన్నది ముఖ్యం. వెలుతురు కాస్త తగ్గినా సరే, ఊరి చెరువు ఫొటోకీ చోటుంటుంది. వివరణ తెలుగులోనే రాయొచ్చు, మ్యాపులో చోటు గుర్తించొచ్చు. తెలుగు వికీపీడియా వ్యాసంలోకి నేరుగా చేర్చొచ్చు. సీసీ బై-ఎస్ఏ అనే వాడుక అనుమతి (లైసెన్సు) ఎంచుకుంటే మీ పేరు చెప్పడం తప్పనిసరి. మార్పులు చేసి పంచేవాళ్లు అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

రెండుచోట్లా వ్యాపారానికీ వాడుకోవచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోలేం. అందుకే పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు ఎక్కడా పెట్టకండి. కామన్స్‌లో ఇంకో పట్టింపు ఉంది: కూడలిలోని విగ్రహం ఫొటో పర్వాలేదు, ఈమధ్య గోడ మీద వేసిన బొమ్మకు మాత్రం చిత్రకారుడి అనుమతి కావాలి.

మన జిల్లాల ఊళ్లు, గుళ్లు, పక్షుల ఫొటోలైతే నా ఓటు కామన్స్‌కే. పెట్టేటప్పుడు ఊరు, మండలం, తీసిన తేదీ తప్పక రాయండి.